బావగారి షెడ్డు మీద మంచు

ఆఫీసులో అందరూ ఆమెను ముఖం మీద మేడమ్ అనీ, వెనక కుదరదమ్మ అనీ అనేవాళ్లు. ఆ పేరు పెట్టిందెవరో గుర్తులేదు గాని, పెట్టినవాడికి మనుషుల్ని చూసే కన్ను ఉందని ఒప్పుకోవాలి. నక్షా చేతికివ్వడమే ఆలస్యం, ఆమె నోట్లోంచి మొదట వచ్చే మాట అదే. "కుదరదు." ఆ తర్వాత కూర్చోమనేది. కొందరిని అదీ అనేది కాదు.

టైర్ల దుకాణం పైన, ఇనుప మెట్లెక్కి వెళ్తే ఆ ఆఫీసు. నాలుగు బల్లలు, గోడ పొడవునా గొట్టాల్లా చుట్టిన నక్షాలు, కింది నుంచి ఎప్పుడూ వచ్చే రబ్బరు వాసన. కిటికీ పక్క బల్ల పెద్ద ఇంజనీరుది. బేరాలూ సంతకాలూ ఆయనవి. భారాల లెక్క ఆమెది. కట్టడం సొంత బరువు, మనుషుల బరువు, సామాన్ల బరువు ఎవరైనా చూస్తారు. గాలీ మంచూ వేసే బరువు చూడటానికి మాత్రం ఓపిక కావాలి. చలి కొండల్లోని ఆ ఊళ్లో ఆ రెండింటికీ కొదవ లేదు. చలికాలం వస్తే పడమటి గాలి వారాల తరబడి ఈడ్చి కొడుతుంది. మంచు మోకాలి లోతు పడుతుంది.

ఆ లెక్కలకు లావుపాటి నిబంధనల పుస్తకం ఒకటి ఉంది. అందరూ కోడు అంటారు. ఏ ఊళ్లో గాలి వేగం ఎంతని పట్టుకోవాలి, నేల మీద పడే మంచులో కప్పు మీద ఎంత నిలుస్తుంది, ఏ మూల ఎంత పేరుకుంటుంది, అన్నీ అందులో ఉంటాయి. మిగతావాళ్లు దాంట్లోంచి ఒక అంకె ఏరుకుని కప్పు మొత్తానికి పరిచేసి చేతులు దులుపుకునేవాళ్లు. ఆమె ఒక్కో మూలకూ ఒక్కో లెక్క కట్టేది. గాలి కప్పును కిందికి తోస్తుందనుకుంటారు గాని చాలాసార్లు పైకి లాగుతుంది, మూలల దగ్గర మరీ లాగుతుంది, అని ఒక కాంట్రాక్టరుకు చెప్పబోతే అతను నవ్వాడు. ఆమె అతని నక్షా చుట్టి అతని చంకలోనే పెట్టి మెట్లు చూపించింది. "మీ రేకు ఎగిరి ఎవడి మెడ మీదో పడుతుంది. అప్పుడూ ఇలాగే నవ్వండి" అంది.

చెప్పినదాంట్లో తప్పు లేదు. చెప్పిన తీరుకే మనుషులు గాయపడేవాళ్లు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. రోజంతా ఇరుక్కుపోయిన మనుషుల తిట్లు తిని ఇంటికొచ్చే మనిషి కాబట్టి ఆయనకు ఓర్పు ఎక్కువ. ఆయన కూడా ఓసారి అన్నాడు, "నువ్వు నిజం చెప్పవు. విసురుతావు. ఎదుటివాడు తప్పుకోవడానికే చూస్తాడు గాని పట్టుకోవడానికి చూడడు."

"తగిలినా చాలు" అంది ఆమె.

ఆమెకు తోడబుట్టింది ఒక్క అక్కే. ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగినవాళ్లు. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ పంచాల్సిన నాలుక చిన్నదానికే పోయిందని వాళ్లమ్మ అనేది. అక్క మొగుడు చెక్క సామాను చేయిస్తాడు. మంచాలు, బీరువాలు, దుకాణాలకు అరలు. ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన పొడవాటి రేకుల షెడ్డు, అందులో రంపం మెషీన్లు, చుట్టూ పనివాళ్లు. చెయ్యి తిరిగిన మనిషి, కష్టపడి పైకొచ్చిన మనిషి. ఎవరినైనా నవ్విస్తాడు, ఎవరి మీదైనా నవ్వుతాడు. మరదలి మీద నవ్వడం మాత్రం ఆయనకు అన్నంలో ఉప్పంత అవసరం.

దానికి మూలం ఒక అటక. చాలా ఏళ్ల కిందట షెడ్డులో పలకలు దాచుకోవడానికి అటక వేద్దామనుకుని, ఇంట్లోనే ఇంజనీరు ఉండగా బయటివాళ్లెందుకని మరదలి దగ్గరికి వచ్చాడు. ఆమె దూలాల కొలతలు చూసి పెదవి విరిచింది. "కుదరదు బావా. నువ్వు గీసింది అటక కాదు, ఉరికొయ్య" అంది. పక్కన ఆయన పనివాళ్లిద్దరు ఉన్నారు. ఆయన నవ్వాడు గాని ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇంకెవరి చేతో సంతకం పెట్టించుకుని అటక కట్టాడు. అది నిలిచింది. నిండా పలకలు ఎత్తాడు, అయినా నిలిచింది. ఆ తర్వాత ఎక్కడ నలుగురు కలిసినా, "మా అటక క్షేమం మరదలా, నిన్ను అడిగానని చెప్పమంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆమె "బావా, నువ్వు" అనడం మానేసి "బావగారూ, మీరు" అనడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో మర్యాద పెరిగిందంటే మాటలు తగ్గాయని అర్థం.

అలా ఉప్పూ నిప్పూగా ఏళ్లు గడుస్తుండగా, ఒక బట్టల వ్యాపారి అయిదంతస్తుల దుకాణం కట్టడానికి వీళ్ల ఆఫీసుకు వచ్చాడు. పెద్ద పని. పెద్ద ఇంజనీరు ఆ రోజు స్వయంగా టీ కలిపి ఇచ్చాడు. నక్షా ఆమె బల్ల మీదికి వచ్చింది. స్థలానికి తూర్పు హద్దు అవతల పొడవాటి డబ్బా ఒకటి గీసి, లోపల "పాత షెడ్డు" అని రాసి ఉంది. అది ఎవరి షెడ్డో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్లూ పడమటి గాలి ఆ షెడ్డు కప్పును ఊడ్చి పోయేది. మంచు పడ్డా నిలిచేది కాదు. ఇప్పుడు దానికి ఎదురుగా అయిదంతస్తుల గోడ లేస్తుంది. గోడ దాటేసరికి గాలికి ఊపు చచ్చిపోతుంది. ఊపు పోయిన గాలి, మోసుకొచ్చిన మంచునంతా ఆ గోడ చాటునే దింపేస్తుంది. గోడ పక్కన మనిషి ఎత్తు కుప్ప పడుతుంది, అవతలికి వాలుగా. కోడులో దానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. పొట్టి కప్పు పక్కన ఎత్తైన కట్టడం కడితే, ఆ పొట్టి కప్పు కొత్త బరువు తట్టుకుంటుందో లేదో చూడాలి. దాని యజమానికి చెప్పాలి.

ఆమె పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్లింది.

"మన బిల్డింగు హద్దు లోపల ఉందమ్మా. హద్దు అవతల సంగతి మనకెందుకు?" అన్నాడాయన.

"మంచు అవతల పడుతుంది కాబట్టి."

"మంచు దేవుడు వేస్తాడు."

"కుప్ప మనం వేయిస్తున్నాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు, పని వచ్చి పది రోజులు కాలేదు. వ్యాపారికి నువ్వే చెప్పు. నేను మాత్రం ఊళ్లో లేననుకో."

వ్యాపారికి ఆమే చెప్పింది. ఆయన అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, "ఆ షెడ్డు మీ బావగారిది కదూ" అన్నాడు. ముందే వాకబు చేశాడన్నమాట. "నా బిల్డింగు పేరు చెప్పి మీ బావకి కొత్త కప్పు వేయిద్దామని చూస్తున్నారు. బాగుంది మేడమ్. చుట్టరికమంటే ఇలా ఉండాలి."

జన్మలో ఎవరూ ఆమెను బావ పక్షం మనిషి అనలేదు. "ఆయన నా ఎదురుగా నీళ్లు అడిగినా ఇవ్వను. అయినా ఆ కప్పు లెక్క చూడాల్సిందే" అంది. వ్యాపారి నమ్మలేదు. నమ్మేలా చెప్పడం ఆమెకు ఎన్నడూ రాలేదు.

కప్పు కొలతలు కావాలంటే బావ గుమ్మం తొక్కాలి. వెళ్లింది. రంపం మెషీను అరుస్తోంది. గాలి నిండా పొట్టు. ఆయన ఆమెను చూసి కూడా మెషీను ఆపలేదు. పలక చివరి దాకా కోసి, అంచు మీద బొటనవేలు రాసి చూసుకుని, అప్పుడు స్విచ్చి నొక్కాడు.

"ఏంటి మేడమ్ గారూ, దారి తప్పారా?"

ఆమె విషయం చెప్పింది. కుప్ప సంగతి, బరువు సంగతి. చెప్పడం అయ్యేసరికి ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అంటే ఆ మేడ గీసింది నువ్వు. దాని మూలంగా నా షెడ్డు పడుతుందని చెప్పేదీ నువ్వే."

"పడుతుందనలేదు. కొలిచి చూస్తే గాని తెలియదు."

"కొలుస్తావు, పనికిరాదని కాగితం రాస్తావు, ఎవడో వచ్చి తాళం వేస్తాడు. అప్పుడు ఆ బట్టలవాడు ఈ జాగా కూడా కొనేస్తాడు. ఎంతిస్తానన్నాడు నీకు?"

"నోరు అదుపులో పెట్టుకోండి బావగారూ."

"నా షెడ్డులో నా నోరు. నీ టేపు నా కప్పు ఎక్కదు. వెళ్లు."

అక్క టీ తెచ్చి, ఇద్దరి మధ్యా పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా నిలబడింది. చెల్లెలు టీ ముట్టకుండా వెళ్తుంటే రోడ్డు దాకా వెంట వచ్చింది.

"మంచి మాట కూడా తిట్టినట్టే చెప్తావే నువ్వు" అంది.

"ఆయన విననిదానికి నా గొంతు కారణమా?"

"సగం" అంది అక్క. ఆ ఒక్క ముక్కకే ఆమె అలసిపోయినట్టు కనిపించింది.

ఆ వారం సెలవు రోజు మధ్యాహ్నం అక్కే ఫోను చేసింది. ఆయన బీరువాలు దింపడానికి వ్యానులో వెళ్లాడు, తాళం తన దగ్గరుంది, వస్తే రమ్మంది. ఆమె టేపూ టార్చీ తీసుకుని వెళ్లింది. కప్పు కింది ఇనుప పట్టీలను దగ్గర్నుంచి కొలవాలంటే షెడ్డులో ఒక్కటే దారి, ఆ అటక. నిచ్చెన వేసుకుని ఎక్కింది. అటక ఆమె బరువుకు చిన్నగా ఊగింది. లోపల ఎక్కడో ఆమెకు సంతోషం వేసింది.

సగం కొలిచిందో లేదో బయట వ్యాను ఆగిన చప్పుడు. దించాల్సిన ఇంటివాళ్లు తాళం వేసుకుపోయారట, ఆయన తిరిగొచ్చేశాడు. లోపలికి వచ్చి, తలెత్తి, అటక మీద మరదల్ని చూశాడు. నిచ్చెన తీసి గోడకు చేరవేశాడు. తర్వాత స్టూలు లాక్కుని అటక కిందనే కూర్చున్నాడు.

"ఎలా ఉంది మరదలా? కూలుతోందా?"

"నిచ్చెన పెట్టండి."

"ఉరికొయ్య అన్నావుగా. ఊపిరాడుతోందా మరి?"

పొట్టులో మోకాళ్ల మీద కూర్చుని ఆమె కిందికి చూసింది. దూకితే కాలు విరుగుతుంది. అరిస్తే వీధి నవ్వుతుంది. చేసేదేం లేక చేతిలో ఉన్న పనే చేసింది. టేపు లాగి మిగతా పట్టీలు కొలిచింది. ట్రస్సులు ఒక్కొక్కటీ, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలు, టార్చీ వేసి చూసింది. కింద ఆయన ఆగకుండా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. ఆమె పుట్టిన దగ్గర్నుంచి చేసిన తప్పులన్నీ ఆయనకు గుర్తున్నాయి, కొన్ని ఆమెకే గుర్తులేనివి. చివరికి అక్క వచ్చి నిచ్చెన పెట్టింది. ఆయన ఆపలేదు, సాయపడలేదు. ఆమె దిగి, బట్టల మీద పొట్టు దులుపుకుని, "అటక బాగానే ఉంది" అంది. అది ఒప్పుకోలు కాదు, ఉమ్మినట్టు అంది.

లెక్క కట్టింది. గోడ పక్కన పేరుకునే మంచుకు ఆ పట్టీలు చాలవు. కొత్త స్తంభాలు కొన్ని వేసి, పట్టీల మధ్య మరికొన్ని పట్టీలు చేరిస్తే సరిపోతుంది. ఆ సంగతి నక్షా మీద ఎర్రగా రాసింది. వ్యాపారి పెద్ద ఇంజనీరును పిలిచి, ఆ ఎర్ర రాత కావాలో నేను కావాలో తేల్చుకోమన్నాడు. పెద్ద ఇంజనీరుకు తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మర్నాటికి ఆ పని పక్క బల్లకు మారింది, రాత మాయమైంది.

ఆమె ఊరుకోలేదు. పర్మిషన్లు ఇచ్చే ఆఫీసుకు వెళ్లి అక్కడి అధికారి ముందు నిలబడింది. ఆయన అంతా విని ఆవులించాడు. "ఇది పక్కాయన వచ్చి చెప్పుకోవాల్సిన మాటమ్మా. నష్టం ఆయనకైతే మధ్యలో మీరెవరు?"

ఏ పట్టీ ముందు పోతుందో చెప్పి అర్జీ ముందు పెడితే, ఆ పక్కాయన, అంటే బావ, సంతకం పెట్టనన్నాడు. "నువ్వు గీసిన మేడ మీద నన్ను తగాదా పెట్టమంటావా? గెలిచినా ఓడినా ఊళ్లో పిచ్చివాణ్ణి నేనేగా" అన్నాడు. ఒకరికి ఆమె బావ మనిషి, ఇంకొకరికి వ్యాపారి మనిషి. ఆఫీసులో ద్రోహి. పర్మిషన్ల ఆఫీసుకు వెళ్లిందని తెలిశాక పెద్ద ఇంజనీరు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. గాలి లెక్కలు కట్టేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి పొమ్మనలేదు. కెటిల్ ఆమె బల్ల పక్కనుంచి ఇంకో మూలకు మారింది. టీ కాచినప్పుడు ఒక కప్పు తక్కువ కాచేవాళ్లు. ఆమె కూడా అక్కడ ఎవరి పుట్టినరోజు కేకు కోసినా బల్ల మీదినుంచి తల ఎత్తలేదు.

మేడ లేచింది. అద్దాలు బిగించారు. షెడ్డు మీద మధ్యాహ్నమే నీడ పడసాగింది. మొదటి చలికాలం మంచు పేరుకు మాత్రమే పడింది. భోజనాల దగ్గర బావ అందరి ముందూ, "మా మరదలి మంచు ఈ ఏడు సెలవు పెట్టింది" అన్నాడు. ఆమె కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది.

రెండో చలికాలం సెలవు పెట్టలేదు. ఎడతెరిపి లేకుండా పడింది, గాలితో పడింది. తెల్లారి ఆగినట్టే ఆగి, సన్నటి వాన మొదలైంది. ఆ వాననంతా మంచు స్పంజిలా పీల్చుకుంది. ఆమె ఆఫీసులో కోటు విప్పుతుండగా అక్క ఫోను.

"షెడ్డులో మా గది తలుపు తెరుచుకోవట్లేదే. పైన బిగుసుకుపోయింది. కప్పులోంచి ఏదో చప్పుడు."

"అందరూ బయటికి రండి."

"ఆయన వినడు. రేపటికి ఇవ్వాల్సిన ఆర్డరుంది."

ఆమె కోటు బొత్తాలు పెట్టుకోకుండానే మెట్లు దిగింది. షెడ్డుకు చేరేసరికి లోపల రంపం నడుస్తోంది. పనివాళ్లు బీరువాల మీద ప్లాస్టిక్ కప్పుతున్నారు. గోడ వైపు కప్పు కడుపుతో ఉన్నట్టు కిందికి దిగి ఉంది. అందరికీ కనపడుతూనే ఉంది. అటువైపు ఎవరూ చూడటం లేదు.

"బయటికి రండి" అంది.

రంపం ఆగలేదు. బావ ఆమె వైపు చూసి మళ్లీ పలక తోశాడు. ఆమె తలుపు పక్క బోర్డు దగ్గరికి వెళ్లి మెయిను స్విచ్చి లాగేసింది. మెషీన్లన్నీ ఒక్కసారిగా మూలిగి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పైన ఇనుము కిర్రుమనడం అందరికీ వినపడింది.

"ఎవరాపారు?"

"నేను."

ఆయన చేతిలో పలకతోనే వచ్చాడు. ముఖం ఎర్రబడిపోయింది. "ఆడమనిషివి కాబట్టి బతికావు. నా పని ఆపడానికి నువ్వెవతివి?"

"బయటికి వచ్చి తిట్టండి బావగారూ. ఎంతసేపు తిట్టినా నిలబడి వింటాను. ఇక్కడ మాత్రం వినను."

ఆయన ఏమనేవాడో గాని, పనివాళ్లు అప్పటికే ఒక్కొక్కరూ తలుపు దాటుతున్నారు. ఒంటరిగా మిగిలినవాడు పౌరుషం ఎవరికి చూపిస్తాడు. పలక నేలకేసి కొట్టి ఆయనా వచ్చాడు.

రోడ్డు మీద నిలబడి చూస్తే సంగతి తెలిసింది. మేడ గోడకు ఆనుకుని షెడ్డు మీద మంచు కొండలా లేచింది. ఆమె లెక్కలో గీసిన ఆకారమే, అదే వాలు. రెండో వైపు కప్పు మీద మంచు జానెడే ఉంది. కప్పు నడి గీత పాములా వంకర తిరిగింది. దాన్ని చూస్తూ ఆమె అనుకుంది, పడితే బాగుండు. లోపల ఎవరూ లేరు. ఒక్కసారి పడితే చాలు, ఇన్నేళ్ల నవ్వులకూ అదే జవాబు. అటక, మెషీన్లు, అన్నీ పోనీ. అలా అనుకుని, ఆ అనుకోవడంలో ఒక తియ్యదనం ఉందని కూడా గమనించింది.

"మీ అక్కేది?" అన్నాడు బావ.

అక్క రోడ్డు మీద లేదు.

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు కదిలారు. ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి. అక్క అప్పుడు బయటికి వచ్చింది, తీరిగ్గా, చేతిలో జిగురు గిన్నె పట్టుకుని. "స్టవ్ మీద జిగురు ఉందిగా. కరెంటు తీసేస్తే గ్యాసు ఆగుతుందా" అంది.

బావ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. చెల్లెలు తిట్టలేదు. వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ కాసేపూ తను ఏం కోరుకుందో భర్తకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

కూర్చుంటే పని జరగదు. లేచింది. కప్పు మీదికి ఎవరూ ఎక్కకూడదనీ, నిచ్చెనల మీదినుంచి పొడుగు కర్రలతో మంచును లాగాలనీ చెప్పింది. అలాంటి కర్రలు ఎక్కడివని బావ అడగలేదు. వ్యానులోంచి బీరువా పలకలు దింపించి, వాసపు కర్రలకు మేకులతో కొట్టి, రోడ్డు మీదే గొర్రుల్లాంటివి తయారు చేశాడు. అంత కోపంలోనూ ఆయన మేకు ఒక్కటి వంకర పోలేదు.

"ముందు గోడ వైపు కుప్ప. పొరలు పొరలుగా లాగండి. ఒకేచోట అడుగు దాకా తవ్వొద్దు. లాగింది అవతలి వాలు మీదికి తోయొద్దు."

"మంచు లాగడం కూడా పుస్తకంలో రాశారా?"

"రాశారు. చదివితే కనపడుతుంది."

"లాగండ్రా, పుస్తకం చెప్పినట్టు లాగండి" అని ఆయన పనివాళ్ల మీద అరిచాడు.

లాగిన మంచు మేడకూ షెడ్డుకూ మధ్య సందులో పడుతోంది. ఆ సందు వ్యాపారిది, సరుకు దించుకునే చోటు. ఆయన గొడుగు వేసుకుని వచ్చి, దారి మూసేస్తున్నారని గొడవకు దిగాడు. బావ నిచ్చెన మీదినుంచే, "ఇది మీ మేడ వేసిన మంచే, మీకే తిరిగిస్తున్నాం, తీసుకోండి" అన్నాడు. ఆ మాట మరదలు ఆయనకు రెండేళ్ల కిందట చెప్పిందే. ఆయన నోట్లోంచి వస్తే కొత్తగా ఉంది. వ్యాపారి ఆమె వైపు తిరిగి, "నేనప్పుడే అన్నాను, మీరూ మీరూ ఒకటని" అన్నాడు. బావా మరదలూ ఒకే గొంతుతో, "కాదు" అన్నారు.

మధ్యాహ్నానికి కుప్ప నడుం ఎత్తుకు దిగింది. అప్పుడు లోపల ఏదో తుపాకీ పేలినట్టు పగిలింది. అందరూ వెనక్కి దూకారు. కప్పు ఒకచోట కుంగి, రేకు చిరిగి, అక్కడే ఆగింది. సాయంత్రానికి కుప్ప పోయింది. ఎవరికీ చిన్న దెబ్బ తగలలేదు. బావ తలుపులోంచి తొంగి చూశాడు. ఒక పట్టీ రెండుగా వంగింది, ఒక ట్రస్సు కాలు మెలి తిరిగింది. ఆమె తన లెక్కలో ముందు పోతుందని రాసిన పట్టీ చెక్కుచెదరలేదు. పోయింది దాని అవతలిది.

"నువ్వు చెప్పింది ఇది కాదుగా" అన్నాడు.

"పక్కదే."

"పక్కదే. పడుతుందన్నావు. పడలేదు."

"పొద్దుట్నుంచి పదిమంది లాగితే పడలేదు."

"పడలేదా, లేదా?"

మంచులో తడిసి ఆమె వేళ్లు తిమ్మిరెక్కాయి. బావ ఆమెకు కుర్చీ చూపలేదు. అక్క పాత శాలువా తెచ్చి భుజాల మీద వేస్తే విదిలించుకుని నడిచి ఇంటికి పోయింది.

కొన్నాళ్లకు ఆమెకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో కుర్ర ఇంజనీరు. షెడ్డు కప్పు గట్టిచేసే పని బావగారు తనకిచ్చారని, పాత కొలతలు ఆమె దగ్గర ఉన్నాయని ఆయన భార్య రహస్యంగా నంబరు ఇచ్చిందని చెప్పాడు. ఆమె కొలతలన్నీ చదివి చెప్పింది. అతని లెక్క చదివించుకుంది. కుప్ప పొడవు తక్కువ తీసుకున్నాడని నాలుగు చీవాట్లు పెట్టింది. పోయిన పట్టీ ఏదో చెప్పి, తన లెక్క అక్కడ ఎలా తప్పిందో కూడా చెప్పింది. అతను ఏడుపు గొంతుతో థాంక్స్ చెప్పాడు.

"నా పేరు మాత్రం ఆయన దగ్గర ఎత్తకు" అంది. "ఎత్తావంటే నువ్వు వేసిన స్తంభాలన్నీ పీకి పారేస్తాడు."

స్తంభాలు పడ్డాయి, పట్టీలు చేరాయి. ఆ చలికాలం చివర్లో అక్క ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. బావ కొత్త ఇంజనీరును మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎంత తెలివి, ఎంత మర్యాద, వాడు చెప్తే ఎంత ఇంపుగా ఉంటుంది. ఇంజనీరు అంటే వాడు. కుప్ప ఎంత పొడవు పడుతుందో అంగుళాలతో సహా చెప్పాడట. "మాట్లాడటం కూడా ఒక చదువే. కొందరికి అది రాదు" అన్నాడు, మరదలి వైపు చూడకుండా.

ఆమె భర్త దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్క వడ్డించే గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. అక్కా చెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మర్యాదస్తుడే" అంది ఆమె. "ఆ నడి స్తంభం ఒక్కటీ రంపానికి మరీ దగ్గరగా వేశాడు. బీరువా పలకలు తిప్పడానికి మీకు ఇబ్బంది."

"అది నా తలనొప్పి" అన్నాడు బావ. పప్పు కలుపుకుంటూ, "నిజమే, తగులుతోంది" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆయన పులుపు సరిపోలేదని భార్య మీద విసుక్కున్నాడు. ఆమె మజ్జిగ పోసుకుని, అన్నం కలుపుకుని, ఆ పూట చివరి ముద్ద దాకా తిని లేచింది.